స్ట్రోక్ తర్వాత నాన్నకు తెలుగు పోయి ఒడియా మిగిలింది

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, కొట్టులో ఒడియా. మూడు నెలల క్రితం నాన్నకు మెదడు ఎడమవైపు స్ట్రోక్ వచ్చింది. నీళ్లు కావాలంటే "పాణి" అంటారు, తెలుగు మాట సరిగ్గా రాదు. నిన్న చెంబు చూపించి ఇదేంటి నాన్నా అంటే "గొడుగు" అన్నారు, తప్పని ఆయనకే తెలిసి చెంబు పక్కకు తోసేసి ముఖం తిప్పుకున్నారు. ఒకటి నుంచి పది మాత్రం గడగడా చెప్పేస్తారు! వీధిలో మతి పోయిందంటున్నారు. ఏ భాషలో ప్రాక్టీస్ చేయించాలి?

» మతి పోలేదండీ, మెదడు దెబ్బతిని ఇలా మాట పోవడాన్ని, తడబడడాన్ని అఫేసియా అంటారు. 1861లో బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు చూసిన పేషెంటు "టాన్" అని తప్ప దాదాపు ఏమీ అనలేకపోయేవాడు, ఎదుటివాళ్ల మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. రెండు భాషలూ ఒకేలా తిరిగిరావాలని లేదు. ఏది ముందొస్తే అదే పట్టుకోండి, పాణి అన్నా నీళ్లివ్వండి. అంకెలు నోటికి అలవాటైన వరుస, అందుకే వస్తాయి.

» మా మావయ్యకూ ఇంతే, మాది గుణుపురం. మాట రాదు గానీ భజన మొదలుపెడితే పదాలతో సహా పాడేవారు, మేం నోరెళ్లబెట్టాం. పరీక్ష పెట్టినట్టు "ఇదేంటి" అని అడగొద్దమ్మా, అదే పెద్ద టెన్షన్. "టీయా, కాఫీయా" అని రెండూ చూపించండి. టీవీ కట్టేసి, మాట కోసం ఆగండి, మీరు అందించేయకండి.

» స్పీచ్ థెరపిస్టుకు రెండు భాషల సంగతీ చెప్పండి. దగ్గర్లో దొరక్కపోతే మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. దూరమే, ముందు ఫోన్ చేయండి.