వాలీబాల్ వాల్వు మనమే తయారు చేసుకోవచ్చా? రబ్బరు పని తెలిసినవాళ్ళు చెప్పండి

పీఈటీ, టెక్కలి వైపు

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. మా వైపు పిల్లలకి వాలీబాల్ అంటే ప్రాణం. బడి విడిచాక నెట్టు కడితే బంతి కనపడనంత చీకటి పడేదాకా కదలరు. అలాంటిది మా బీరువాలో బంతులు పైతోలు బాగుండగానే పనికిరాకుండా పోతున్నాయి. ప్యానెళ్ళు ఊడలేదు, కుట్టు విడలేదు. గాలి మాత్రం నిలవదు. పొద్దున్న కొట్టిన బంతి సాయంత్రం ఆటకి మెత్తబడిపోతుంది. ఆడపిల్లలు అండర్‌హ్యాండ్ పాసు ఎత్తితే బంతి ముంజేతి మీద నుంచి లేవదు. అలాంటి బంతితో నేర్చుకున్న పిల్ల పోటీకి వెళ్ళి గట్టి బంతి ముట్టుకుంటే లెక్కంతా తప్పుతుంది. నా బాధ అదీ.

అన్నిటినీ గోలెంలో ముంచి చూశాను. కొన్నిటికి గాలి కొట్టే పిన్ను పెట్టే నోట్లోంచే సన్నగా బుడగలు వస్తున్నాయి. కొన్నిటికి నోటి చుట్టూ, తోలుకీ వాల్వుకీ సందులోంచి వస్తున్నాయి. కుట్టు దగ్గర వచ్చినవి చాలా తక్కువ. నోట్లోంచి వచ్చేవే ఎక్కువ.

పూర్తిగా పోయిన ఒక బంతిని బ్లేడుతో కోసి చూశాను. బ్లాడరుకి, అంటే లోపలి గాలి సంచికి, అతికిన ఒక రబ్బరు గిన్నె ఉంది. దానిలో చిటికెనవేలి కొన అంత మెత్తటి ప్లగ్గు. ప్లగ్గు లోపలి కొస రెండు పెదాలు కలిపి మూసినట్టు చదునుగా ఉంది. పిన్ను వెళ్ళే దారి మామూలుగా కంటికి ఆనకూడదు కదా. ఈ ప్లగ్గుని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అటువైపు వెలుతురు కనపడుతోంది. చీలిక కాస్తా గుండ్రటి బెజ్జం అయిపోయింది.

ప్లగ్గు ఒక్కటే మార్చగలిగితే బంతి బతుకుతుంది కదా అనిపించింది. మా ఊరి లేత్ షాపు అతను అల్యూమినియం రింగు మరతో చేసిస్తానంటున్నాడు. రింగు బంతికే ఉండిపోతుంది, లోపల రబ్బరు ప్లగ్గు అరిగినప్పుడల్లా మార్చుకోవచ్చు. ఇది పనిచేస్తుందా? ఏ రబ్బరు వాడాలి? చీలిక ఎలా పెట్టాలి? ఇంకొకటి నాకు అంతుపట్టడం లేదు. అదే బీరువాలో, అదే పంపుతో, అదే పిన్నుతో గాలి కొట్టే ఫుట్‌బాళ్ళు నిలుస్తున్నాయి. వాలీబాళ్ళే ఎందుకు పోతున్నాయి?

సైకిల్ షాపు, నరసన్నపేట

మాస్టారూ, పాత సైకిల్ వాల్వు పెట్టేయండి. అందులో బెజ్జం మీద వాల్‌ట్యూబు, అదే సన్నటి రబ్బరు గొట్టం, తొడుగుతాం. గాలి కొడితే ట్యూబు లేచి దారిస్తుంది, ఆపగానే లోపలి గాలే దాన్ని బెజ్జానికి అదిమేస్తుంది. అది పాడైతే చిన్న ముక్క కోసి తొడుక్కోవడమే. మీరన్న మార్చుకునే పద్ధతి అదే కదండి. కాడ బయటికి పొడుచుకోకుండా పొట్టిగా కోసి లోపలికి దించితే సరిపోతుంది.

రబ్బరు మోల్డింగు, విజయనగరం

మాస్టారూ, నేను విశాఖలో రబ్బరు మోల్డింగులో చాలా ఏళ్ళు పని చేసి ఇప్పుడు ఇంటి పట్టునున్నాను. మీ ఆఖరి ప్రశ్న అడిగారు చూడండి, జవాబంతా అందులోనే ఉంది.

ఫుట్‌బాల్‌కి రూలు ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల గాలి. వాలీబాల్‌కి చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కిలోలే. పౌండ్లలో చెప్పాలంటే నాలుగున్నర దగ్గర. సైకిల్ తమ్ముడు చెప్పిన వాల్‌ట్యూబు మంచి పనిమంతురాలే గానీ, దానికి నలభై పౌండ్ల గాలి వెనకుండి అదుముతాది. నాలుగున్నర పౌండ్లు దాన్నేటి అదుముతాయి?

మీరు చూసిన ఆ పెదాలూ అంతే. లోపలి గాలి రెండు పక్కలా నొక్కి వాటిని మూస్తాది. ఫుట్‌బాల్లో చీలిక కాస్త అరిగినా గాలే కాపాడుకొస్తాది. వాలీబాల్లో ఆ సాయం సగానికీ రాదు. అంచేత వాలీబాల్ వాల్వుని మూసేది గాలి అనుకోకండి. చుట్టూ ఉన్న గిన్నె బిగువే మూయాలి. ప్లగ్గు గిన్నె బెజ్జం కన్నా లావుగా ఉండాలి. గిన్నెలో 9 మిల్లీమీటర్లుంటే ప్లగ్గు 10 పెట్టి చూడండి. ఇరికించి దూర్చినప్పుడు ఆ బిగువే చీలికని అన్ని వైపుల నుంచీ నొక్కుతాది. మీరు కిటికీ వైపు పట్టి చూసిన ప్లగ్గు బయటికి తీసీసింది కాబట్టి వెలుతురు మరింత కనపడి ఉంటాది. అయినా గిన్నెలో ఉన్నప్పుడూ ఆ బిగువు చచ్చిపోయే ఉంటాది. రబ్బరుని ఎక్కువ కాలం నొక్కి ఉంచితే, అందులోనూ వేడిలో, అది నొక్కిన ఆకారానికే అలవాటు పడిపోతాది. వేసవి సెలవుల్లో రేకుల గదిలో పడీసిన బంతులకి జరిగేది ఇదే.

ఇంకో సంగతి మీ లేత్ అతనికి తప్పకుండా చెప్పండి. రబ్బరు వంగుతాది, సాగుతాది గానీ దాని ఘనపరిమాణం తగ్గదు. 2 మిల్లీమీటర్ల పిన్ను 15 మిల్లీమీటర్ల లోతు దిగితే 47 ఘన మిల్లీమీటర్ల రబ్బరు ఎక్కడికో జరగాలి. గిన్నె నిండా ప్లగ్గు కూరీసారనుకోండి, జరగడానికి చోటుండదు. అప్పుడా బలమంతా గిన్నెని బ్లాడరుకి అతికిన చోట పడతాది. మీ గోలెంలో నోటి చుట్టూ బుడగలు వచ్చిన బంతులున్నాయి కదా, వాటి అతుకు ఇలా లేచిపోయి ఉండొచ్చు. పొడి పిన్నుని గట్టిగా లాగినా అదే జరుగుతాది. కాబట్టి ప్లగ్గు మధ్యలో బిగువుండాలి, లోపలి కొసన చుట్టూ ఖాళీ ఉండాలి. పెదాలు ఆ ఖాళీలో విడిగా వేలాడాలి.

రబ్బరు విషయానికొస్తే, ప్లగ్గుకి సహజ రబ్బరే. మెత్తగా, రబ్బరు గట్టిదనం చెప్పే షోరు కొలతలో 40 దగ్గర. పిన్ను తీసిన వెంటనే తిరిగి మూసుకునే గుణం దానికే బాగుంటాది. బ్యూటైలు అనే కృత్రిమ రబ్బరు గాలిని నిలిపే విషయంలో రాజు, అందుకే బ్లాడర్లకి వాడతారు. కానీ తిరిగి లేవడంలో బద్ధకం. సిలికాను మాత్రం వద్దు. చూడ్డానికి మెత్తగా, అందంగా ఉంటాది గానీ దాని ఒంట్లోంచే గాలి దాటిపోతాది.

చీలికని డ్రిల్లుతో పెట్టకండి. డ్రిల్లు రబ్బరుని తోడీస్తాది, తోడీసినది మళ్ళీ రాదు. ప్లగ్గు ఉడికాక, అంటే అచ్చులో వేడికి రబ్బరు గట్టిపడ్డాక, సూదిమొన ఉన్న తీగతో పొడవండి. పొడిస్తే రబ్బరు పక్కకి తప్పుకుంటాది, తీస్తే కలుసుకుంటాది.

బొబ్బిలి ప్రేక్షకుడు

లోహం రింగు అనగానే మా నాన్నగారు చెప్పే లేసు బంతులు గుర్తొచ్చాయి. బ్లాడరుకి పొడుగాటి మెడ ఉండేదట. గాలి ఊది, మెడ మడిచి, దారంతో కట్టి తోలు కిందకి తోసి, పైన బూటుకి కట్టినట్టు లేసు బిగించేవారట. ఆ లేసు వైపు తలకి తగిలితే నుదురు చీరుకునేదని చెప్పేవారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో లేసు లేని బంతి 1950లో బ్రెజిల్లోనే మొదట వాడారు. మాస్టారూ, ఆ ముడి వదిలించుకోడానికి అంతకాలం పట్టింది. మీరు దాని చోట అల్యూమినియం పెట్టకండి, పిల్లల చేతులు.

మెకానికల్ లెక్చరర్, రాజాం

పై మాటకి లెక్క కూడా తోడుంది. వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు, చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు. అంటే వ్యాసార్ధం పదిన్నర సెంటీమీటర్లు. అంచున ఒకచోట 5 గ్రాములు అదనంగా పెడితే బంతి గరిమనాభి దాదాపు 2 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. తిప్పకుండా కొట్టే ఫ్లోటు సర్వీసులో బంతి ఎటు ఊగుతుందో కొట్టినవాడికీ తెలియదు. ఇప్పుడున్న రబ్బరు వాల్వు బరువుకే కొన్ని కంపెనీలు బంతి లోపల ఎదురు వైపున చిన్న బరువు అతికిస్తాయి. కాబట్టి రింగు ఆలోచన వదిలేయండి. ఉన్న గిన్నెని వాడుకుని ప్లగ్గు ఒక్కటే చేయండి.

పరీక్ష గురించి ఒక హెచ్చరిక. మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో 0.32 కొట్టి, మర్నాడు తెల్లవారి 24 డిగ్రీలప్పుడు కొలవండి. ఒక్క బుడగ పోకపోయినా 0.25 చూపిస్తుంది. చల్లబడ్డ గాలి ఒత్తిడి తగ్గడమే కారణం. వాల్వుని అనవసరంగా తిడతాం. అందుకని ఒకే రకం బంతులు రెండు తీసుకోండి. ఒకదానికి కొత్త ప్లగ్గు పెట్టండి. రెండోదానికి గాలి కొట్టాక నోటి మీద సొల్యూషనుతో ప్యాచీ వేసి పూర్తిగా మూసేయండి. రెండూ ఒకే గదిలో ఉంచి టేపుతో చుట్టుకొలత చూడండి. గేజీ గుచ్చిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది కనుక టేపే మేలు. మూసేసిన బంతి కూడా అంతే తగ్గితే లోపం బ్లాడరుది. లేటెక్సు బ్లాడరయితే గాలి దాని గోడలోంచే పోతుంది, వాల్వు ఎంత బాగున్నా ఆపలేదు.

మీ ప్లగ్గులో నిజంగా కొత్త ఆకారం కుదిరితే బొమ్మ ఇక్కడ పెట్టే ముందు ఆగండి. నలుగురికీ చూపించాక అది కొత్తది కాదంటారు. మనకి చెన్నై పేటెంటు ఆఫీసు. సొంత పేరు మీద ఆన్‌లైన్లో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకి ఫీజు 1600 రూపాయలు. ఆ తర్వాత పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది.

పీఈటీ, టెక్కలి వైపు

అందరికీ ధన్యవాదాలు. రింగు మానేశాను. పేటెంటు సంగతి తర్వాత, ముందు బంతి నిలవనివ్వండి. మోల్డింగు బాబుగారూ, హైవే మీద లారీ టైర్లకి హాట్ ప్యాచీ వేసే పంచరు షాపు ఉంది. కరెంటు మిషను మధ్య రెండు పలకల అచ్చు పెట్టి బిగిస్తే ప్లగ్గు ఉడుకుతుందా? అతని దగ్గర ఉన్న రబ్బరే వాడొచ్చా? మా పిల్లలు పిన్నుకి ఉమ్ము రాస్తారు, అది మాన్పించి కొబ్బరినూనె ఇవ్వనా?

రబ్బరు మోల్డింగు, విజయనగరం

ఉడుకుతాది మాస్టారూ. 145, 150 డిగ్రీల మధ్య పదిహేను నిమిషాలతో మొదలెట్టండి. అచ్చు పలక మందంగా ఉంటే వేడి లోపలికి దిగడానికి ఇంకాస్త టైమివ్వాలి. అతని దగ్గర రెండు రకాలుంటాయి. టైరు పైభాగానికి వాడే గట్టి రబ్బరు తీసుకోకండి, అది అరగకుండా ఉండడానికి చేసింది, మీకు మరీ బిరుసు. లోపల అతుకుకి వేసే కుషను గమ్ము అడగండి. అచ్చులో పట్టేదాని కన్నా పిసరంత ఎక్కువే పెట్టి బిగించండి. మిగులు బయటికి కారడానికి పలక మీద సన్నటి గాడి తీయించండి. ఆ గాడి లేకపోతే గాలి లోపలే చిక్కుకుని ప్లగ్గులో బుడగ నిలిచిపోతాది. చల్లారాక గోటితో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉండిపోతే ఇంకా ఉడకలేదని అర్థం.

కొబ్బరినూనె వద్దు, గ్రీజూ ఇంజనాయిలూ అసలే వద్దు. కొబ్బరినూనెయినా, పెట్రోలు జాతి నూనెలైనా తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతాది. మందుల షాపులో గ్లిజరిన్ సీసా కొనండి, ఒక చుక్క చాలు. అది దొరకనప్పుడు ఆముదం. వెనకటి రోజుల్లో మోటారు కార్ల బ్రేకు నూనెలో ఆముదం కలిపేవారు, లోపలి రబ్బరు పాడవదని. ఉమ్ము రాస్తే ఆరిపోతాది, పిన్ను బయటికి వచ్చేసరికి పొడిగానే వస్తాది.

ప్లగ్గు కన్నా ముందు మీ పిన్ను చూడండి. పక్క బెజ్జం అంచుని గోరు మీద రాయండి. గీరుకుంటే అక్కడ లోహపు గరుకు అంచు (బర్) ఉందని అర్థం. అలాంటి పిన్ను ఎంత మంచి ప్లగ్గుకైనా లోపల రంపమే. జీరో నంబరు ఎమరీ కాగితంతో నున్నగా తోమండి. గుచ్చేటప్పుడు నిలువుగా, మెల్లగా తిప్పుతూ దించమనండి. ఏటవాలుగా పొడిస్తే పాత చీలిక పక్కన కొత్త దారి పడతాది. గాలి కొట్టాక పిన్ను బంతిలోనే వదిలీసి ఆటకి పోయే గుంటలుంటారు, అది చూసుకోండి. మరీ మెత్తబడిన బంతికి గుచ్చే ముందు రెండు చేతులా పట్టుకుని నోటి వైపు కాస్త ఉబ్బేలా నొక్కమనండి, లేదంటే పిన్ను కొస అవతలి బ్లాడరుకి తగులుతాది.

మొదటి అచ్చుకి బెజ్జం కొలత పాత గిన్నె నుంచే తీసుకోండి. కాలిపరుతో ఒక్కచోట కాదు, పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా కొలవండి. సాధారణంగా మధ్యలో సన్నటి కట్టు ఉంటాది, ప్లగ్గుని బయటికి రానివ్వనిది అదే. ఆ మూడు కొలతలూ, గిన్నె లోతూ ఇక్కడ రాస్తే ప్లగ్గు ఎక్కడ ఎంత లావుండాలో నేను చెప్తాను.