విషయం: ఎనిమిదేళ్ళ అబ్బాయి ఐస్ హాకీ ఫార్వర్డ్ అవుతానంటున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మిస్సిసాగా)

అందరికీ నమస్కారం. మేం ఈ జనవరిలోనే ఒంటారియోకి వచ్చాం. బాబుకి ఎనిమిదేళ్ళు. టీవీలో ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లు చూసి పెద్దయ్యాక ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడిగా ఆడటమే తన ఉద్యోగం అంటున్నాడు. ఇంతవరకూ స్కేట్లు కట్టలేదు. ఆలస్యమైపోయిందా? ఏ వయసులో ఏం జరగాలి? చదువు సంగతేంటి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు (బ్రాంప్టన్)

నమస్తే అండీ. ఆలస్యం కాలేదు. కాకపోతే తన ఈడు పిల్లలు ఈపాటికి మూడు నాలుగు చలికాలాలు ఐస్ మీద గడిపి ఉంటారు. ఆ తేడా పూడాలంటే ముందు స్కేటింగ్ రావాలి, హాకీ తర్వాత. ఊరి రింకుల్లో నడిచే స్కేటింగ్ క్లాసులు, కాన్‌స్కేట్ అనే మొదటి పాఠాల క్లాసులు వారానికి రెండుసార్లు, వాటితో పాటు ఒక పబ్లిక్ స్కేటింగ్. స్టిక్ లేకుండా ఆగడం, రెండు వైపులా తిరగడం, వెనక్కి వెళ్ళడం వచ్చేదాకా ఇదే. స్టిక్ తొందరగా చేతికిస్తే పిల్లలు దాన్ని ఊతకర్రలా వాడి దాని మీదికి వంగిపోతారు. ఆ వంపు సరిచేయడానికి తర్వాత చాలా కాలం పడుతుంది.

స్కేట్లు మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నవి తీసుకోండి. వచ్చే ఏడాదికి కూడా వస్తాయని పెద్దవి కొనొద్దు. మడమ లోపల కదిలితే చీలమండ పక్కకి వాలిపోతుంది, ఇక బ్లేడు అంచు (ఎడ్జ్) ఐస్‌ని పట్టదు. బిడ్డకి చేతకావట్లేదని మనం అనుకుంటాం, తప్పు స్కేటుది. లేసు బిగించి నిలబడినప్పుడు వేళ్ళు ముందు భాగానికి తాకీ తాకనట్టు ఉండాలి.

కొత్త స్కేట్లకి పదును ఉండదు. ఇది తెలియక నేరుగా రింక్‌కి తీసుకెళ్తే మొదటి రోజంతా పడుతూనే ఉంటాడు. కొన్నచోటే పదును పెట్టించండి, అర అంగుళం హాలో (బ్లేడు అడుగున చేసే గాడి కొలత) అని చెప్తే సరిపోతుంది. ఆపైన ఎనిమిది పది గంటలు ఐస్ మీద ఆడాక మళ్ళీ పెట్టించాలి. ప్లాస్టిక్ గార్డులు నడిచేటప్పుడు మాత్రమే. తడి బ్లేడుకి వాటిని తొడిగి సంచిలో పడేస్తే తెల్లారేసరికి తుప్పు.

స్టిక్ పొడవు, స్కేట్ల మీద నిలబడితే గడ్డం దాకా. స్టిక్ ఎంత గట్టిదో చెప్పే ఫ్లెక్స్ అనే అంకె పౌండ్లలో పిల్లాడి బరువులో దాదాపు సగం ఉండాలి. 60 పౌండ్ల పిల్లాడికి 30. పెద్దవాళ్ళ స్టిక్‌ని కోసి ఇస్తే అది ఇంకా గట్టిపడుతుంది, పిల్లాడి బలానికి వంగదు, షాట్ లేవదు. ఇక కుడా ఎడమా అన్నది. కుడిచేత్తో క్రికెట్ బ్యాట్ పట్టిన పిల్లలు అలవాటుగా కుడిచేతిని కింద పెడతారు. హాకీలో దాన్ని రైట్ షాట్ అంటారు. ఇక్కడ చాలామంది పిల్లలు లెఫ్ట్ షాట్, బలమైన చెయ్యి పైన ఉంటే పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) మీద అదుపు బాగుంటుందని. స్టిక్ నేల మీద పెట్టి తననే తియ్యమనండి. ఎలా పడితే అలాగే వదిలెయ్యండి, రెండూ పనికొస్తాయి.

ప్యాంటు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు ఎవరైనా వాడినవి తీసుకున్నా ఇబ్బంది లేదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. పాతదానికి లోపల ఎక్కడ దెబ్బ తగిలిందో పైకి కనపడదు. హెల్మెట్‌కీ ముఖం జాలీకీ సీఎస్‌ఏ గుర్తు, నెక్ గార్డ్‌కి బీఎన్‌క్యూ గుర్తు చూసుకోండి, రెండూ భద్రతా ప్రమాణాల గుర్తులే. పిల్లల హాకీలో ఈ మూడూ తప్పనిసరి.

జవాబు (ఓక్‌విల్)

రిజిస్ట్రేషన్ సంగతి నేను చెప్తాను. దేశంలో ఈ ఆటని నడిపే హాకీ కెనడా వయసు లెక్క పుట్టిన క్యాలెండర్ ఏడాదిని బట్టి ఉంటుంది, డిసెంబర్ 31 నాటికి ఎంత అని. యూ7, యూ9, యూ11, యూ13, యూ15, యూ18 అని మెట్లు, యూ9 అంటే తొమ్మిదేళ్ళ లోపు. పాత వెబ్ పేజీల్లో నావిస్, ఆటమ్, పీవీ, బాంటమ్ అని కనపడితే అవి ఇవే, పేర్లు మారాయి. యూ9లో ఆట చాలావరకు సగం రింక్‌లోనే. అక్కడ ఫార్వర్డ్, డిఫెన్స్ అని ఖాయంగా విడదీయరు, అందరూ అన్నిచోట్లా ఆడతారు. కాబట్టి ఫార్వర్డ్‌గానే ఆడించమని కోచ్‌ని అడక్కండి.

వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్లు చాలా ఊళ్ళ హాకీ సంఘాల్లో వసంతంలోనే తెరుస్తారు. సెప్టెంబర్ దాకా ఆగితే చోటుండదు. తల్లిదండ్రుల్లో ఒకరు రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్ అనే ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలి. అది మిగిలిపోయి రిజిస్ట్రేషన్ ఆగిపోవడం తరచూ జరుగుతుంది. ఇంటి చిరునామా రుజువు, పుట్టిన తేదీ పత్రం ముందే సిద్ధం చేసుకోండి.

ఖర్చు దగ్గర మొహమాటపడొద్దు. కొత్తగా మొదలుపెట్టే 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలకి ఫస్ట్ షిఫ్ట్ అనే కార్యక్రమం ఉంది. తల నుంచి కాలి దాకా సామగ్రి, ఆరు ఐస్ క్లాసులు కలిపి ఇస్తారు. మీ బాబు వయసుకి సరిగ్గా సరిపోతుంది, చోట్లు త్వరగా నిండుతాయి. ఆదాయం తక్కువైతే కిడ్‌స్పోర్ట్, జంప్‌స్టార్ట్ ఫీజులో సాయం చేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళూ అడగొచ్చు.

జవాబు (కాల్గరీ)

తేదీల దగ్గర ఒక చిన్న మాట. ఒంటారియోలో పోటీ జట్ల ట్రైఅవుట్లు (ఎంపిక పరీక్షలు) ఎక్కువగా వసంతంలో, మా అల్బర్టాలో వేసవి చివర్లో. ఎవరో చెప్పిన తేదీ కాకుండా మీ సంఘం తేదీ చూసుకోండి.

ఇక అసలు దారి. ముందు ఊరి పిల్లలందరూ ఆడే హౌస్ లీగ్, దానిపైన ఎంపికతో చేరే పోటీ జట్లు ఏ, డబుల్ ఏ, అన్నిటికన్నా పైన ట్రిపుల్ ఏ. యూ13 దాకా బాడీ చెకింగ్ (పక్ ఉన్నవాణ్ణి ఒంటితో ఢీకొట్టడం) లేదు. యూ15లో, అదీ పోటీ జట్లలోనే మొదలవుతుంది. అందుకే 12, 13 ఏళ్ళప్పుడే బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర దెబ్బ ఎలా కాచుకోవాలో, తల ఎత్తి ఎలా ఆడాలో నేర్పించే శిబిరాలకి పంపాలి. అది నేర్వకుండా యూ15కి వచ్చిన నేర్పరి ఫార్వర్డ్‌లు పక్ అందగానే వదిలించుకోవడం మొదలుపెడతారు. పై జట్ల కోసం ఆటగాళ్ళని వెతికే స్కౌట్లకి ముందు కనపడేది ఆ భయమే.

దారి చీలేది 15, 16 ఏళ్ళకి. కెనడాలో పెద్ద జూనియర్ లీగులు మూడు, ఒంటారియోది ఓహెచ్‌ఎల్, పడమటిది డబ్ల్యుహెచ్‌ఎల్, క్యూబెక్, తూర్పు రాష్ట్రాలది క్యూఎమ్‌జేహెచ్‌ఎల్. మూడింటినీ కలిపి సీహెచ్‌ఎల్ అంటారు. మీ ఒంటారియోలో యూ16 (యూ18 మెట్టులో మొదటి ఏడాది) ట్రిపుల్ ఏలో ఆడాక ఓహెచ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకోవడం. ఎంపికైన పిల్లలు వేరే ఊళ్ళో బిల్లెట్ అనే ఆతిథ్య కుటుంబంతో ఉంటూ అక్కడి స్కూల్లో చదువుతారు. 15 ఏళ్ళకే ఆడే ప్రత్యేక అనుమతి బహు కొద్దిమందికి దక్కింది. 2005లో, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ అయిన జాన్ టవారెస్‌తో అది మొదలైంది, 2012లో అలాంటి మరో స్టార్ కానర్ మెక్‌డేవిడ్‌కి వచ్చింది. దాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు.

చదువు గురించి అడిగారు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే నెట్‌లో దొరికే సలహాల్లో సగం పాతబడ్డాయి. సీహెచ్‌ఎల్‌లో ఆడితే అమెరికా కాలేజీ హాకీ, అంటే ఎన్‌సీఏఏ తలుపు మూసుకుపోయేది. 2024 నవంబర్‌లో ఆ నియమం మార్చారు, 2025 ఆగస్టు 1 నుంచి సీహెచ్‌ఎల్ ఆటగాళ్ళూ అక్కడ ఆడొచ్చు. ఆ వేసవిలోనే గావిన్ మెకెన్నా అనే కుర్ర ఫార్వర్డ్ డబ్ల్యుహెచ్‌ఎల్‌లోని మెడిసిన్ హాట్ జట్టు నుంచి అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఒకప్పుడు 16 ఏళ్ళకే ఇటో అటో తేల్చుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ ఒత్తిడి తగ్గింది. కానీ ఎన్‌సీఏఏ డివిజన్ వన్‌కి (పై స్థాయికి) హైస్కూల్లో ఇంగ్లీషు, లెక్కలు లాంటి 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (మార్కుల సగటు) కావాలి. ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలు. పదకొండులో గుర్తొస్తే సబ్జెక్టులు సరిపోవు.

సీహెచ్‌ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కి ఒక ఏడాది కాలేజీ చదువు ఖర్చు లీగ్ ఇస్తుంది. ఆ స్కాలర్‌షిప్‌కి గడువు ఉంటుంది, ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ సంతకం చేస్తే పోయే షరతులూ ఉంటాయి. సంతకానికి ముందు ఆ పేజీ ఒక లాయర్‌తో చదివించండి. కెనడా యూనివర్సిటీల యూ స్పోర్ట్స్ జట్లలో చాలామంది ఈ డబ్బుతోనే చదువుకుంటున్నారు. అదీ మర్యాదైన దారే.

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండేవాళ్ళకి. 32 జట్లు, 7 రౌండ్లు, ప్రపంచం మొత్తానికి 224 చోట్లు. డ్రాఫ్ట్ అయితే ఉద్యోగం వచ్చేసినట్టు కాదు, ఆ ఆటగాడితో కాంట్రాక్ట్ మాట్లాడే హక్కు ఆ జట్టుకి దక్కినట్టు, అంతే. 18 నుంచి 21 ఏళ్ళ మధ్య సంతకం చేస్తే మొదటి కాంట్రాక్ట్ మూడేళ్ళు. అది ఎక్కువగా టూ వే, కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌కి పంపితే జీతం బాగా తగ్గుతుంది. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000 అమెరికన్ డాలర్లు. ఆ అంకె చూసి లెక్కలేసుకోకండి. అది ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో ఉన్నన్నాళ్ళకే, పైగా పన్ను, ఏజెంట్ వాటా, ఎస్క్రో (లీగ్ ఆదాయం లెక్క తేలేదాకా జీతంలో కొంత ఆపి ఉంచడం) ఉన్న ఏడాది ఆ మొత్తం అందులోంచే పోతాయి. జట్టుని తనే ఎంచుకునే పూర్తి స్వేచ్ఛ 27 ఏళ్ళకో, ఏడు సీజన్లయ్యాకో వస్తుంది. ఆ వయసు దాకా నిలిచే ఫార్వర్డ్‌లు తక్కువ.

జవాబు (సర్రీ)

కాల్గరీ అన్నయ్య చెప్పినదానికి నాదొక చేర్పు. తొమ్మిదేళ్ళకే ట్రిపుల్ ఏ అని పరుగెత్తకండి. జనవరి, ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలు అదే ఏడాది నవంబర్‌లో పుట్టినవాళ్ళ కన్నా ఒళ్ళూ బలమూ ఎక్కువ ఉండి ముందు ఎంపికవుతారు. మీ బాబు ఏడాది చివర్లో పుట్టి ఉంటే అది గుర్తుంచుకోండి. పైజట్టు బెంచి మీద కూర్చునే కన్నా కిందిజట్టులో ప్రతి షిఫ్ట్ (ఐస్ మీదికి దిగే ఒక్కో వంతు) ఆడటం మేలు.

డ్రాఫ్ట్ కాకపోయినా దారి మూసుకుపోదు. మా ఊరి అర్ష్‌దీప్ బైన్స్‌ని ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. 2021-22లో రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో (తన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) డబ్ల్యుహెచ్‌ఎల్‌లో అందరికన్నా ముందు నిలిచి వాంకూవర్‌తో కాంట్రాక్ట్ సంపాదించాడు, 2024లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. అంతకుముందు మన మూలాలున్న రాబిన్ బావా, మానీ మల్హోత్రా అక్కడ ఆడారు. మన ముఖాలు ఆ బెంచి మీద కొత్త కాదని బాబుకి చెప్పండి.

మళ్ళీ ప్రశ్న (మిస్సిసాగా)

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. ఫార్వర్డ్‌లో సెంటరా (మధ్యలో ఆడేది), వింగా (పక్కన ఆడేది) ఏది మంచిది? ఆరేళ్ళ పాప కూడా అన్నతో పాటే వెళ్తానంటోంది, తనకి దారుందా?

జవాబు (కాల్గరీ)

పాపకి దారి ఇదివరకటి కన్నా బాగుంది. 2024 జనవరి 1న మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యుహెచ్‌ఎల్‌లో ఆరు జట్లు ఉండేవి, 2025-26కి వాంకూవర్, సియాటిల్ చేరి ఎనిమిదయ్యాయి. అమ్మాయిల్లో చాలామంది ఎన్‌సీఏఏ మీదుగానే వస్తారు, కాబట్టి ఆ 16 సబ్జెక్టుల సంగతి పాపకి ఇంకా ముఖ్యం.

సెంటరా, వింగా అన్నది 13 ఏళ్ళ దాకా తేల్చకండి. రెండూ ఆడినవాడికే విలువ. మ్యాచ్‌లో 12 మంది ఫార్వర్డ్‌లు దిగుతారు, ముగ్గురేసి నాలుగు లైన్లు. మొదటి రెండు లైన్లు గోల్స్ కోసం. కింది రెండు లైన్లు ఎదుటి జట్టుని ఆపడానికి, మనవాడు తప్పుకి శిక్షగా పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటే ఒకరు తక్కువగా నెట్టుకురావడానికి. జూనియర్‌లో గోల్స్ కొట్టే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉంటారు. పైన మొదటి రెండు లైన్లలో చోటు దొరక్క, కింది లైన్ల పని రాక, ఏహెచ్‌ఎల్‌లో ఆగిపోయేది వాళ్ళే. పక్ లేనప్పుడు ఏం చేయాలో తెలిసిన ఫార్వర్డ్‌కి ఉద్యోగం ఉంటుంది.

ఆ పని ఇదీ. సెంటర్ ఫేస్ ఆఫ్ (ఇద్దరి మధ్య పక్ వేసి ఆట మొదలుపెట్టడం) గెలవాలి, మన గోల్ ముందు డిఫెన్స్‌కి సాయంగా కిందికి దిగాలి. వింగర్ మన జోన్‌లో, అంటే మన గోల్ ఉన్న భాగంలో, ఎదుటివాళ్ళ పాయింట్ ఆటగాణ్ణి (గోల్‌కి దూరంగా నీలిగీత దగ్గర నిలబడే డిఫెన్స్ ఆటగాణ్ణి) కాయాలి. పక్ మన చేతికొచ్చాక బోర్డు దగ్గర పాస్ అందుకోవాలి, అందుకునే ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. పక్ ఇంకా మనది కాకముందే గోల్ ఆశతో జోన్ దాటి పరుగెత్తడం చిన్న వింగర్లందరూ చేసే తప్పు. అలా వెళ్తే మన జోన్‌లో మిగిలిన నలుగురే ఎదుటి ఐదుగురితో పోరాడాలి.

షిఫ్ట్ 40 నుంచి 50 సెకన్లు. నిమిషం దాటితే కాళ్ళు బరువెక్కి, మార్పుకి వెళ్ళే ఓపిక కూడా పోతుంది. పక్‌ని ఎదుటి జోన్ లోతుకి పంపాకే మారాలి. ఆటలోని మూడు పీరియడ్లలో రెండోదాంట్లో గోల్ వైపులు మారి బెంచి మన జోన్‌కి దూరమవుతుంది, అప్పుడు ఆలస్యంగా మారితే నేరుగా గోల్ పడుతుంది. బాబుతో టీవీ చూసేటప్పుడు పక్‌ని వదిలేసి ఒకే వింగర్‌ని ఒక పీరియడ్ అంతా చూడమనండి. ఎనిమిదేళ్ళ పిల్లలకి ఇది బాగా ఎక్కుతుంది.

జవాబు (ఓక్‌విల్)

తల దెబ్బల గురించి ఎవరూ రాయలేదు. అనుమానం వచ్చిన క్షణమే ఆట ఆపాలి, ఆ రోజు మళ్ళీ ఐస్ మీదికి పంపకూడదు. తలనొప్పి, వాంతి, మాట తడబడటం లేకపోయినా సరే. మామూలు కన్నా నెమ్మదిగా జవాబులిస్తున్నాడంటే అదే లక్షణం. ఒంటారియోలో రోవన్స్ లా అనే తల దెబ్బల చట్టం కింద మీరూ బాబూ ఏటా అవగాహన పత్రం చదివి ఒప్పుకోలు ఇవ్వాలి, రిజిస్ట్రేషన్‌లోనే అడుగుతారు. తిరిగి ఆడటం ఒక్కో మెట్టుగా, ఒక్కోదానికి కనీసం 24 గంటలు. ముందు బడి, తర్వాతే ఐస్. దెబ్బ తగలే అవకాశమున్న ప్రాక్టీస్‌కి డాక్టర్ రాతపూర్వక అనుమతి కావాలి. టోర్నమెంట్ దగ్గరపడిందని కోచ్ అడిగినా ఆ కాగితం లేకుండా పంపకండి.