బుడమేరు వరద సర్వే: డిప్రెషన్, పీటీఎస్‌డీ రిస్క్ ఫ్యాక్టర్లకు ఏమేం అడగాలి?

ప్రశ్న (గుంటూరు పీజీ): 2024 సెప్టెంబరు వరదలో మునిగిన సింగ్‌నగర్, పాయకాపురం కుటుంబాల మీద థీసిస్. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9, పీటీఎస్‌డీకి (ప్రాణాపాయం లాంటి ఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) పీసీఎల్-5 ప్రశ్నావళులు వాడుతున్నాను. రిస్క్ ఫ్యాక్టర్లు (జబ్బు వచ్చే అవకాశం పెంచే అంశాలు) 22 రాసుకున్నాను. 20 శాతం మందికి జబ్బు ఉంటుందన్న అంచనా, అటూఇటూ 5 శాతం తేడాతో శాంపిల్ 246 వచ్చింది. గైడ్ గారు చాలదంటున్నారు. ఎక్కడ సరిచేయాలండీ?

బయోస్టాట్స్: గైడ్ గారి మాట నిజమేనండీ. 246తో ఎంతమందికి ఉందో తేలుతుంది, ఎవరికి ఎందుకొచ్చిందో తేలదు. వీధుల వారీగా క్లస్టర్లు (గుంపులు) తీస్తారు, ఒకే వీధివాళ్ల జవాబులు కాస్త ఒకేలా ఉంటాయి కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ 1.5తో హెచ్చించండి, 369. పది శాతం మంది దొరకరనుకుంటే 410. చివరికి దొరికే 369 మందిలో 20 శాతమంటే సుమారు 74 కేసులు (జబ్బు ఉన్నవాళ్లు). అంశానికి పది కేసులన్న లెక్కన మోడల్‌లో (అంశాలన్నీ కలిపి చూసే లెక్కలో) ఏడుకు మించి పట్టవు. చదువును నాలుగు తరగతులు చేస్తే అదొక్కటే మూడు తినేస్తుంది.

ఇంకోటి. ఇల్లు మునగడం, ఆ తర్వాత అప్పు, రెండూ ఒకే మోడల్‌లో పెట్టకండి. మునిగినందుకే అప్పయింది. అప్పును కూడా లెక్కలో పెట్టి సరిచేస్తే మునక ప్రభావం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

సైకియాట్రీ, విజయవాడ: ఆ ఏడింటిలో వరద తర్వాతి సంగతులకు చోటివ్వండి. 2000లో బ్రూయిన్ బృందం 77 పరిశోధనలు కలిపి చూస్తే, వయసు, చదువు లాంటి వాటికంటే ఆదుకునేవాళ్లు లేకపోవడం, ఆ తర్వాత మీదపడ్డ కష్టాలే పీటీఎస్‌డీతో గట్టిగా ముడిపడ్డాయి. "బాగా నష్టపోయారా?" అని అడగొద్దు. దిగులుగా ఉన్నవాళ్లు నష్టాన్ని ఎక్కువ చేసి చెబుతారు, మీకు లేని సంబంధం కనిపిస్తుంది. నీళ్లు మోకాలి దాకానా, నడుము దాకానా, ఎన్ని రోజులున్నాయి, ఎవరు బయటికి తెచ్చారు అని అడగండి. సామాను పోవడం ఒక్కటే పీటీఎస్‌డీకి ట్రామా కిందకు రాదు. ప్రాణభయం విడిగా అడగాలి.

గుంటూరు పీజీ: ఒకే అపార్ట్‌మెంట్‌లో కింద ఇల్లు, పై అంతస్తు ఉంటే?

సైకియాట్రీ, విజయవాడ: అది మీకు దొరికిన మంచి పోలిక. కిందవాళ్లకు ఫ్రిజ్, మంచాలు, కాగితాలు పోయాయి. పైవాళ్లకు ఇల్లు తడవలేదు గానీ కరెంటు, తాగునీళ్లు లేకుండా చిక్కుకుపోయారు. రెండూ వేర్వేరు అంశాలుగా రాయండి.

ఫీల్డ్ సర్వే: పీహెచ్‌క్యూ-9 రెండు వారాల గురించి, పీసీఎల్-5 నెల రోజుల గురించి అడుగుతుంది. ఇన్వెస్టిగేటర్లు కలిపేస్తుంటారు, ప్రతి పేజీ పైన పెద్దక్షరాల్లో వేయించండి. అత్తగారో భర్తో పక్కనుంటే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్నకు (చనిపోతే బాగుండు, తనను తాను గాయపరచుకోవాలి అన్న ఆలోచనల గురించి) ఆడవాళ్లు "లేదు" అనేస్తారు, విడిగా కూర్చోబెట్టాకే మొదలుపెట్టండి. దానికి సున్నా తప్ప ఏ జవాబొచ్చినా మొత్తం స్కోరు చూడనక్కర్లేదు, ఆ రోజే డాక్టరుతో మాట్లాడించాలి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు కాగితం చేతికిచ్చి రావాలి. ఈ ఏర్పాటు లేకుండా ఎథిక్స్ కమిటీకి వెళ్లకండి.