'కార్యనిర్వాహక శాఖ'కి బదులు 'అమలు శాఖ' అనొచ్చా?

ప్రశ్న:
హైస్కూలు పిల్లల కోసం పౌరశాస్త్రం పాఠాలు తేలిక తెలుగులో తిరగరాస్తున్నాను. శాసన శాఖ, న్యాయ శాఖ వరకు బండి బాగానే నడిచింది. 'కార్యనిర్వాహక' దగ్గర మాత్రం పిల్లలు పలకలేక ఆగిపోతున్నారు. చట్టసభ చేసిన చట్టాలను అమలు చేసేదే కదా, 'అమలు శాఖ' అని రాసేస్తే తప్పవుతుందా? పెద్దలు చెప్పాలి.

ఒక సభ్యురాలు:
నాకైతే బాగుందండీ. 'అమలు' అరబ్బీ నుంచి వచ్చినా ఎప్పుడో మనదైపోయింది. అర్థం కానివాళ్లుండరు.

మరో సభ్యుడు:
'అమలు' మీద నాకూ పేచీ లేదు. కానీ దాన్ని ఇక్కడ పెడితే సగం అర్థం తెగిపోతుంది. అమలు అనగానే ముందు ఎవరో చెప్పి ఉండాలి, తర్వాత వీళ్లు చేయాలి అనిపిస్తుంది. 'కార్యనిర్వాహక'లో చట్టం అన్న ఊసే లేదు చూడండి, ఉన్నది కార్యం. నిర్వహించడమంటే ఎత్తుకున్నదాన్ని కడదాకా మోయడం. ఆ కార్యం చట్టంలో ముందే రాసిపెట్టిందే కానక్కర్లేదు.

1748లో ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ అధికారాన్ని మూడుగా విడదీసినప్పుడు ఈ భాగం కింద చెప్పినవేమిటంటే యుద్ధం, సంధి, రాయబారులను పంపడం, దండయాత్రలను అడ్డుకోవడం. ఇందులో ఏదీ ఒక చట్టాన్ని తీసుకుని అమలు చేయడం కాదు.

భారత రాజ్యాంగం 73వ అధికరణం ఇంకా స్పష్టం. పార్లమెంటు ఏ విషయాల మీద చట్టం చేయగలదో, కేంద్రం కార్యనిర్వాహక అధికారం ఆ విషయాలకు విస్తరిస్తుంది. 'చేయగలదో' అని ఉంది, 'చేసిందో' అని లేదు. ఆ ఒక్క క్రియారూపం మీదే మొత్తం తేడా నిలబడింది. రాష్ట్రాలకు 162వ అధికరణం కూడా ఇదే తీరు.

దీని మీద 1955లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పంజాబ్ ప్రభుత్వం ప్రత్యేకంగా ఏ చట్టమూ లేకుండానే బడి పుస్తకాల ప్రచురణను చేతిలోకి తీసుకుంది. చట్టం లేనిదే ఆ పని ఎలా చేస్తారని ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. శాసనం చేసే పనినీ న్యాయం చెప్పే పనినీ తీసేశాక ప్రభుత్వం చేసే పనుల్లో మిగిలేదంతా సాధారణంగా కార్యనిర్వాహక అధికారమేనని కోర్టు చెప్పింది. మిగిలేదంతా! దాన్ని 'అమలు' అనే చిన్న సంచీలో ఎలా పడతాం?

హద్దులున్నాయి, నిజమే. పౌరుడి హక్కులో చేయి పెట్టాలంటే చట్టం కావాలని అదే తీర్పులో ఉంది. పన్ను వేయాలన్నా అంతే. 1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా సమ్మె వస్తుందని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోమన్నాడు. చట్టం అండ లేదని అక్కడి సుప్రీంకోర్టు 6-3తో ఆ ఆదేశాన్ని కొట్టేసింది. పిల్లలకు ఈ రెండు కేసులూ పక్కపక్కనే చెప్పండి. ఏది చెల్లిందో, ఏది చెల్లలేదో వాళ్లే పట్టుకుంటారు.

ఇంకో సభ్యురాలు:
నా అభ్యంతరం 'కార్యనిర్వాహక' మీద కాదు, 'శాఖ' మీద. విద్యాశాఖ, రెవెన్యూ శాఖ అని రోజూ వినే పిల్లవాడికి ఇది ఇంకో డిపార్టుమెంటులా వినిపిస్తుంది. 'న్యాయశాఖ' మరీ ప్రమాదం. న్యాయశాఖ మంత్రి మంత్రివర్గంలో మనిషి, అంటే కార్యనిర్వాహక వైపు. న్యాయమూర్తులది వేరే వ్యవస్థ. ఇద్దరికీ ఒకే మాట తగిలిస్తే అధికారాలు వేరు అని చెప్పే పాఠమే చెడుతుంది. మూడింటికీ 'వ్యవస్థ' అని రాయండి: శాసన వ్యవస్థ, కార్యనిర్వాహక వ్యవస్థ, న్యాయ వ్యవస్థ.

ప్రశ్న అడిగినవారు:
'శాఖ' సంగతి నాకు తట్టనే లేదు, మార్చేస్తాను. మరి పొడుగాటి పేరెందుకు, 'ప్రభుత్వం' అంటే చాలదా?

మరో సభ్యుడు:
చాలదండీ. 'ప్రభుత్వం మారింది' అన్నప్పుడు మారింది మంత్రివర్గం ఒక్కటే. 'ప్రభుత్వోద్యోగి' అన్నప్పుడు ఎవరు గెలిచినా అదే కుర్చీలో ఉండే మనిషి. ఈ రెండూ కార్యనిర్వాహకంలోవే. 'ప్రభుత్వం చట్టం చేసింది' అన్నామంటే చట్టసభనూ అందులో కలిపేసినట్టే. మంత్రివర్గం బిల్లు తేగలదు గానీ, చట్టం చేయాల్సింది సభ. పత్రికల్లో ఈ వాక్యం కనిపించినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

పలకడం కష్టమంటే విడగొట్టి చెప్పండి: కార్యం, నిర్వాహకుడు. 'పెళ్లి కార్యం', 'సభ నిర్వాహకులు' ఏ పిల్లాడికైనా తెలిసిన మాటలే. మీకు తేలిక పేరే కావాలంటే 'అమలు' కంటే 'సర్కారు' దగ్గర. పారసీలో 'సర్' అంటే తల, 'కార్' అంటే పని. పని అందులోనూ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
'కార్యనిర్వాహక వ్యవస్థ' అనే ఉంచుతున్నాను. పాఠం మొదట్లో 'సర్కారు' మాట విప్పి చెబుతాను. ఆర్డినెన్సును ఏమనాలో రేపు వేరే అడుగుతాను.