సమస్య: «పెట్టఁ బెట్ట రొట్టె పెరుగుచుండె»

నిర్వాహకులు, గుంటూరు: ఫిబ్రవరి 11న గుణదల తిరునాళ్లలో, కొండ మెట్ల మీద కూర్చున్న ఒకావిడ తన పొట్లంలోని పులిహోరను పక్కనున్న పిల్లలందరికీ ముద్దముద్దగా పెడుతూనే ఉండటం చూసినప్పుడు ఈ పాదం నోటికి వచ్చింది. పూరించండి.

బ్రాడీపేట మాస్టారు:

ఐదు రొట్టె లుండె నాఁకొన్న జనులకు,
చేప లేమొ రెండె; శిష్యు లడల
మింటఁ జూపు నిలిపి మేలి దీవెన పల్కి
పెట్టఁ బెట్ట రొట్టె పెరుగుచుండె.

కొత్తపేట సభ్యులు: నడక బాగుంది మాస్టారూ. కాని మత్తయి సువార్త 14వ అధ్యాయంలో యేసు ప్రభువు రొట్టెలు విరిచి శిష్యులకిచ్చాడు. జనులకు వడ్డించినది శిష్యులే. చాలదని అడలిన ఆ చేతులతోనే ఐదువేలమంది పురుషులకు, వారితో ఉన్న స్త్రీలకు, పిల్లలకు వడ్డన చేయించడంలోనే కృప అంతా ఉండగా, మీరు ఆ చేతులను రెండవ పాదంలోనే వదిలేశారు.

గుణదల సోదరి:

దాఁచ మన్న పురుగు దాల్చెను మఱునాఁడె,
పంచ గంపలందు బరువు మిగిలె;
కృప యనంగ నదియె, గిద్దెడో కుంచమో
పెట్టఁ బెట్ట రొట్టె పెరుగుచుండె.

బ్రాడీపేట మాస్టారు: దాచడాన్నీ పంచడాన్నీ ఎదురెదురుగా నిలిపిన తీరు నాకు తట్టనిది, ఒప్పుకుంటున్నాను. అయితే బైబిలులో ఆకాశం నుంచి కురిసిన ఆ ఆహారం పేరు «మన్నా». గణం కోసం దీర్ఘం కోస్తే ఇశ్రాయేలీయులు అరణ్యంలో మన్ను తిన్నట్టు వినిపిస్తోందమ్మా.

గుణదల సోదరి: సీతా, రమా శబ్దాలు తెలుగులో సీత, రమ అయినప్పుడు మన్నా మాత్రం మన్న కాకూడదా, మాస్టారూ? ఇక గిద్దెడు యతి కోసం వెదికి తెచ్చినది కాదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గిద్దతో కొలిచి, అందులోంచి ఒక గుప్పెడు తీసి గుడికిచ్చే డబ్బాలో వేసేది. కొలత తగ్గిన ఆ అన్నమే మా ఐదుగురికీ సరిపోయేది.

కొత్తపేట సభ్యులు: దీర్ఘం సంగతి వదిలేద్దాం. నిర్గమకాండం 16వ అధ్యాయం ప్రకారం ఆరవ దినాన రెండంతలు కూర్చి దాచిన మన్నా మరునాటికి కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. దాస్తే చెడుతుందని మొదటి పాదం అంత తేల్చి చెప్పవచ్చునా?

గుణదల సోదరి: ఆ దినాన దాచమన్నది ఆయనే, అన్నయ్యగారూ, దాచమన్నప్పుడు నిలవడమూ, వద్దన్నప్పుడు చెడటమూ ఆయన మాటను బట్టే జరిగాయి. అంతేగాని, నీళ్లు ద్రాక్షారసమైన కానా విందు మీద మునుపిచ్చిన సమస్యలో ఆరు రాతిబానలను మీరు ఏడు చేశారు కదా, ఆ ఏడవదానిలో నీళ్లు ఎవరు పోశారో ఇంతవరకు సెలవివ్వలేదు.