హైదరాబాద్ మారథాన్: 30 కిలోమీటర్లు దాటితే పిక్క పట్టేస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరిగెత్తబోతున్నాను. మాది విజయవాడ. రోజూ కాలవ గట్టు మీదే సాధన, అంతా చదును. అక్కడేమో నెక్లెస్ రోడ్డు దాటాక గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలే.

మొన్న ఆదివారం 30 కిలోమీటర్లు దాటగానే ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. పది నిమిషాలు రోడ్డు పక్కనే కూర్చుండిపోయాను. టీషర్టు మీద ఉప్పు తెల్లటి చారలు కట్టింది. ఉత్త మంచినీళ్లే తాగుతున్నాను, తప్పు అక్కడేనా? ఓఆర్‌ఎస్ ఎన్ని కిలోమీటర్లకోసారి తాగుతారు? ఎత్తుల కోసం వారానికి రెండుసార్లు గాంధీ కొండ ఎక్కితే సరిపోతుందా?

ఆ దారిలో పరిగెత్తినవాళ్లు దయచేసి చెప్పండి. నాన్న స్టేడియంలో ఎదురుచూస్తానన్నారు. ఆయన ముందుకి పరుగుతోనే చేరాలని ఉంది.