అమ్మానాయినలతోని కరీబియన్ క్రూజ్, ఎవరన్నా పోయిండ్రా?

నల్గొండ పోరడు: మా అమ్మ నాయిన మిర్యాలగూడ నుంచి డాలస్‌ల అన్న దగ్గరికి పోతున్నరు, నేను, పిల్లలు కూడా పోతున్నం, అందరం టెక్సాస్‌ల ఉన్న గాల్వెస్టన్ రేవుల ఓడెక్కి మెక్సికోల కోజుమెల్ దాక పోయొద్దామని అన్న అంటుండు. నాయినకు మోకాళ్ల నొప్పులు, అమ్మ గుడ్డు కూడా ముట్టది. ఎట్లుంటది?

పాలమూరు అక్క: ముందుగాల వీసాలు చూడు తమ్మీ, ఓడ బయటి దేశం పోయి మళ్ల అమెరికాకు వస్తది కాబట్టి అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీది, అంటే ఒక్కసారి కన్న ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది ఉండాలె. ఆ అమెరికా వీసా చెల్లుబాటుల ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. జూన్ నుంచి నవంబర్ దాక తుఫాన్ల సీజన్, అగ్గువకు దొరుకుతది గని ఓడ రూటు మారొచ్చు.

దేవరకొండ: తిండికి ఫికర్ చేయకు, బుకింగప్పుడే ఇండియన్ వెజ్ అని చెప్పి పెట్టుర్రి. ఇంట్ల పెట్టిన పచ్చడి, రైస్ కుక్కర్ మాత్రం ఓడెక్కనియ్యరు. రూమ్ ఓడ నడిమిట్ల, కింది డెక్‌ల (అంతస్తుల) తీస్కోర్రి, ఊపు తక్కువుంటది, లిఫ్ట్ దగ్గరుంటే నాయినకు ఇంకా మంచిది. ఇన్సూరెన్స్ పక్కా, ఓడల డాక్టర్ బిల్లు మస్తయితది.

నల్గొండ పోరడు: పచ్చడి లేదంటే అమ్మ అసలు ఎక్కుతదో లేదో అన్నా 😀 వీల్‌చైర్ వాళ్లే ఇస్తరా?

దేవరకొండ: ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఇస్తరు, అన్ని రోజులకు కావాల్నంటే ముందే కిరాయికి మాట్లాడుకోవాలె.